మూడున్నరకి తోడుకున్న పాలు

ఇలా రా, దగ్గరికి జరుగు. ఆ కుర్చీ అంత దూరంలో వేసుకుంటే నా గొంతు నీకు అందదు. పైగా ఇందులో గట్టిగా చెప్పలేని మాటలు కొన్ని ఉన్నాయి. నా మరిది ఛేదించిన కేసులు పదకొండు నీకు చెప్పాను, పదకొండూ నవ్వుతూనే చెప్పాను. ఇది పన్నెండోది. ఇందులోనూ ఆయన ఓడిపోలేదు. ఓడిపోయి ఉంటే బాగుండేదని మాత్రం చాలాసార్లు అనుకున్నాను.

ఆ రోజు గురువారం. ఉదయం తొమ్మిది దాటి పది నిమిషాలు. పెద్దాసుపత్రి మూడో అంతస్తులో పేగుల వార్డు. ఎనిమిది మంచాలు, అన్నీ పేగుల్లో పుళ్లు పడినవాళ్లవే. మూడో మంచం మీద నా మనవరాలు పిచ్చుక. పందొమ్మిదేళ్ల పిల్ల, ముప్పై ఒక్క కిలోల బరువు. వచ్చిన కొత్తలో రోజుకి పదిహేనుసార్లు లేచేది, లేచినప్పుడల్లా నెత్తురే. మూడు నెలలుగా ఆ మంచం కాళ్ల దగ్గర చాప పరుచుకుని పడి ఉన్నది నేనే. వార్డులో అందరికీ పెద్దమ్మని.

ఆ ఎనిమిదిమందికీ మందు చేసింది కింద అంతస్తు ల్యాబులో డాక్టరమ్మ. ఆవిడ మందు మిరియాలంత ఊదారంగు పూసల్లా ఉండేది, అందుకని మేమంతా ఆవిడని పూసలమ్మ అనేవాళ్లం. ఎనిమిది వారాలు ఆ పూసలు మింగి మా పిచ్చుక పదిహేనుసార్ల నుంచి మూడుసార్లకి వచ్చింది. కిటికీ దాకా నడిచింది. జడ వెయ్యమని పేచీ పెట్టింది. తొమ్మిదో వారం మొదలైంది, అంతా తిరగబడింది. పది రోజుల్లో కోలుకున్నవాళ్లంతా మళ్లీ మంచం పట్టారు. మంగళవారం ఐదో మంచం మీద డ్రైవరు చచ్చిపోయాడు. నలభై ఏళ్లు కూడా లేవు.

బుధవారం పొద్దున్నే మందుల తనిఖీ ఆఫీసరు దిగాడు. కనబడిన ప్రతి తలుపుకీ లక్క పూసి ముద్ర కొట్టే మనిషి కాబట్టి ఆయన పేరు లక్క. పూసలమ్మ చచ్చిన మందు పంపి మనుషుల్ని చంపిందని తేల్చేశాడు. ఆవిడని ఆవిడ గదిలోనే కూర్చోబెట్టి బయట కాపలా పెట్టాడు. ఉన్న పూసలన్నీ, వాటికి మూలమైన సీసాలతో సహా, గురువారం సాయంత్రం నాలుగులోపు ఆసుపత్రి చెత్త కాల్చే కొలిమిలో తగలబెట్టాలని కాగితం రాశాడు. మందు ఆగిపోయింది గనక పిచ్చుకకి శుక్రవారం ఉదయం ఏడింటికి పెద్దపేగు కోసి తీసెయ్యాలన్నారు. కోత డాక్టరు నన్ను పక్కకి పిలిచి, "ఈ ఒంటితో బల్ల దిగుతుందని మాటివ్వలేనమ్మా" అన్నాడు.

అంటే నాలుగులోపు ఆ మందు మంచిదని తేలితే పిల్ల బతుకుతుంది, తేలకపోతే బల్లెక్కుతుంది. అందుకే మరిదికి బుధవారం రాత్రే ఫోను చేశాను.

మరిది పొట్టిగా ఉంటాడు. ఒకప్పుడు ఆ లక్కతో పాటు ఒకే ఆఫీసులో పనిచేశాడు. లక్క తొందరపాటు ముద్ర వల్ల ఒక అమాయకుడు జైలు పాలైతే, ఆ సంగతి బయటపెట్టి, ఉద్యోగం వదిలేసి గడియారాలు బాగుచేసుకున్నాడు. ఆ తర్వాతే ఈ డిటెక్టివు పని. ఏ మాటకైనా ముందు టైమెంత అంటాడు.

వరండాలోకి వచ్చీ రాగానే లక్క ఎదురయ్యాడు. చేతిలో మూత పెట్టిన గ్లాసు.

"ఓహో, ముళ్ల డాక్టరు దిగాడే!" అన్నాడు లక్క. "ఇక్కడ ఏ గడియారం ఆగిపోయిందని?"

"మనిషి ఆగిపోయాడు కదయ్యా, ఐదో మంచం. గ్లాసులో ఏంటి?"

"నీ నోరు మూసే సాక్ష్యం. నిన్న పదింటికి కాచిన పాలల్లో ఆరు పూసలు వేశాను. ఇవి బతికున్న సూక్ష్మజీవులని, పెరుగు తోడెట్టే వాటికి అన్నదమ్ముల బిడ్డలని ఆవిడే చెప్పింది. ఇరవై మూడు గంటలైంది. చూడు, పాలు పాలలాగే ఉన్నాయి. చచ్చిన సూక్ష్మజీవులు పాలు తోడెట్టవు."

మరిది గ్లాసు వంచి చూశాడు. అడుగున ఆరు పూసలు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"సాక్ష్యానికి ఇంకేం తీశావు?"

"మంచానికి పది చొప్పున ఎనభై. పాడవకుండా స్పిరిట్లో వేసి సీలు చేశాను. ఈ గ్లాసులో ఆరూ అందులోకే."

"బతికుందో లేదో తేలాల్సినవాటిని స్పిరిట్లో వేశావా?"

"నిబంధన అది. నీలాంటివాళ్లకి నిబంధనలు గిట్టవుగా."

నాకు ఒళ్లు మండింది. ఆ గ్లాసూ, అందులో కదలకుండా కూర్చున్న పూసలూ, ఈయన గర్వమూ! ఆపుకోలేకపోయాను.

"అలా వేస్తే ఎలా తోడుకుంటాయయ్యా? నూరి వెయ్యాలి" అన్నాను.

లక్క నవ్వాడు. మరిది నవ్వలేదు. నా వైపు తిరిగి, "టైమెంత?" అని గోడ గడియారం చూసుకుని, "తొమ్మిదీ ఇరవై ఐదు" అని తనే చెప్పుకున్నాడు. ఆ టైము ఎందుకు గుర్తు పెట్టుకుంటున్నాడో నాకు అప్పుడు తెలియలేదు.

"లక్కా, నాలుగు పూసలివ్వు" అన్నాడు. "రెండు గ్లాసులు పెడతాను. ఒకదాంట్లో రెండు అలాగే, ఒకదాంట్లో రెండు నూరి. నువ్వే ముద్ర వేసుకో. సాయంత్రం నువ్వే విప్పు."

"నాలుగింటికి కొలిమి. గుర్తుందిగా?"

"నాకు టైము గుర్తు చేసే స్థితికి వచ్చావా, సంతోషం."

తొమ్మిదిన్నరకి వార్డు పక్కన వంటగదిలో, రోగుల కోసం పాలూ జావా కాచుకునే చిన్న గది అది, కిటికీ గట్టు మీద రెండు గ్లాసులు పెట్టారు. గోరువెచ్చని పాలు. పక్కనే మాకొచ్చిన ఆ పూట పాలగిన్నె. వరండా బల్ల మీద డ్రైవరు పెళ్లాం కూర్చుని ఉంది. కాగితాలు చేతికి రాక మూడు రోజులుగా అక్కడే ఉంది. ఒళ్లో సంచీ, సంచీలో అతని చెప్పులు.

పదింటికి పూసలమ్మ గదికి వెళ్లాం. నన్ను కూడా రమ్మన్నాడు మరిది. ఆవిడ రాత్రంతా నిద్రపోలేదని కళ్లే చెబుతున్నాయి. బల్ల మీద టీ అలాగే చల్లారిపోయి ఉంది.

"పెట్టెలు చలిగదిలోంచి ఎన్నింటికి బయటికొస్తాయి?" మరిది కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"ఏడూ పది."

"వార్డుకి?"

"ఏడూ ఇరవై. నేనే మోసుకెళతాను. ఏడున్నరకి నర్సు మంచానికో పెట్టె ఇస్తుంది. రోజుకి ఇరవై పూసలు. ఎనిమిదింటికి తిండి తిన్నాక మింగాలి."

"నర్సు ఎదురుగానా?"

"మొదట్లో ఎదురుగానే. తర్వాత నమ్మకం కుదిరింది. పెట్టె చేతికిచ్చి వెళ్లిపోతోంది. ఖాళీ పెట్టె తొమ్మిదింటికి తీసుకుంటుంది."

"అంటే గంటన్నర ఎవరి కళ్లూ లేవు. సరే. పూసలో ఏముంటుంది?"

పూసలమ్మ ఒక పూస ఉన్నట్టే రెండు వేళ్లు దగ్గరికి పెట్టి చూపించింది. "మధ్యలో మంచి సూక్ష్మజీవులు. ప్రోబయోటిక్స్ అంటాం. చుట్టూ పళ్ల తొక్కల్లోంచి తీసిన యాంటీఆక్సిడెంటు. పేగులో మంటని చల్లార్చేది అదే. దాని మీద తొడుగు."

"రెండూ విడిగా ఇచ్చేస్తే పోయేదిగా, ఇంత అవస్థ ఎందుకు?"

"ఇచ్చి చూశామండి. మంట ఆరకముందే సూక్ష్మజీవులు దిగితే ఆ మంటకే పోతాయి. మంట ఆర్పి ఊరుకుంటే, ఖాళీగా ఉంది కదా అని చెడ్డవి వచ్చి చేరి మళ్లీ రాజేస్తాయి. ఆర్పేవాడూ కాపురం పెట్టేవాడూ ఒకే బండిలో దిగాలి."

"ఆ బండి ఎక్కడ ఆగుతుంది?"

"పెద్దపేగులో. అంతకుముందు ఎక్కడా తలుపు తియ్యదు. ఆ తొడుగు చెయ్యడానికే నాకు ఏడేళ్లు పట్టింది. పొట్టలో ఆమ్లం రెండు గంటలు నాననిచ్చినా కరగదు. పాలల్లో రోజంతా ఉన్నా కరగదు. ఆ మాట చెబితే సీలాయన దబాయిస్తున్నానన్నాడు."

"తొడుగు పగిలితే?"

"ముందే పగిలితేనా? పొట్టలో పడ్డ పావుగంటలో అన్నీ చచ్చిపోతాయి. ఆ ఆర్పేది కూడా దారిలోనే ఖర్చయిపోతుంది. ఇక అది మందు కాదండి, రంగు పిండి."

పావుగంట.

ఆ గదిలో గోడకి ఒక మేకు ఉంది, కాలెండరు తీసేసిన మేకు. నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను. గోడకి చెయ్యి ఆనించాను. పూసలమ్మ లేచి వచ్చి, "పెద్దమ్మా, కూర్చోండి, ఏమైనా తిన్నారా?" అని నా భుజం పట్టుకుంది. నేరం మీద పడి కూర్చున్న మనిషి నన్ను అడుగుతోంది, తిన్నారా అని.

మరిది నా వైపు చూడలేదు. "అందరికీ ఇవే పూసలా?" అన్నాడు.

"కాదు. కొత్త మందు కదా, పోల్చి చూడాలి. కొందరికి అసలువి, కొందరికి ఖాళీవి, లోపల ఉత్త పిండి. ఎవరికేవో నర్సుకీ తెలియదు. నా పుస్తకంలో మాత్రం ఉంది."

"చెప్పండి."

ఆవిడ నన్ను చూసి తటపటాయించింది. తర్వాత ఒక చీటీ మీద నాలుగు వరసలు రాసి ఆయనకిచ్చింది. మరిది చదివాడు. రెండోసారి చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన మొహం చదవడం నాకు నలభై ఏళ్లకి పైగా అలవాటు. ఆ పూట మాత్రం అందలేదు.

పన్నెండింటికి వంటగది సోదా మొదలైంది. లక్క కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మందు ల్యాబులో చస్తే నువ్వు వంటింట్లో వెతుకుతావేంటి? ఆకలేస్తోందా?"

"నీకు వెయ్యదులే, లక్క తిని బతుకుతావు."

ఆ గదిలో ఒక తొట్టి, గ్యాసు పొయ్యి, ఇనప అర, కిటికీ. అంతే. మరిది ముందు స్పూన్లు లెక్కపెట్టాడు. సరిగ్గా ఎనిమిది, ఒకే కొలతవి. అర వెనక చెయ్యి పెట్టి ఒక కాగితాల కట్ట తీశాడు. పాత కాలెండరు చించి చేసిన చిన్న చిన్న ముక్కలు. కత్తెరతో కోసినవి, అన్నీ ఒక్కలా ఉన్నాయి. వాటి మధ్యలో వాడేసినా పారెయ్యని పొట్లం ఒకటి విప్పి వెలుతురుకి పట్టాడు. మడతల్లో ఊదా మరక. కిటికీ గట్టు పగులులోనూ అదే మరక. భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"ముదురుగా ఉంది. తెల్లటి నలుసు ఒక్కటీ లేదు" అని గొణుక్కున్నాడు.

"అయితే ఏంటట?" అన్నాడు లక్క.

"నీకు కాదు, నాకు చెప్పుకుంటున్నాను."

తొట్టి కింద ఒక బాల్చీ ఉంది. గుడ్డలు కప్పిన బాల్చీ. ఆ గుడ్డల కింద ఏముందో నాకు తెలుసు. మందులు నూరే చిన్న రాతి కల్వం. బుధవారం లక్క మెట్లెక్కుతున్నాడని తెలిసి, నేనే దాచాను. నిబంధన మీరారని వార్డులోంచి గెంటేస్తారన్న భయంతో దాచాను. అప్పటికి నాకు తెలిసిన తప్పు అంతవరకే.

మరిది బాల్చీ దగ్గర వంగాడు. గుడ్డ కొస పట్టుకున్నాడు. ఆయన వదిలేశాడు.

"వదినా, ఈ అద్దం కాస్త పట్టుకో" అన్నాడు. ఇచ్చే నెపంతో నా చెయ్యి వెలుతురులోకి తిప్పాడు. చూపుడువేలి గోరు చుట్టూ, ఎంత రుద్దినా పోని ఊదా గీత.

"నీళ్లు తాగు వదినా" అని మాత్రం అన్నాడు.

మూడున్నర దాకా నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అదే పెద్ద శిక్ష. పిచ్చుక మంచం దగ్గరికి వెళ్లాను. పిల్ల పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"నానమ్మా, చిన్నతాతయ్య కనిపెట్టాడా?"

"కనిపెడుతున్నాడే."

"ఎవరో పాడుచేశారటగా మందుని. వాళ్లకి మనమేం చేశాం నానమ్మా?"

దుప్పటి సర్దాను. సర్దిన దుప్పటే మళ్లీ సర్దాను. రెండింటికి ఒకసారి, రెండున్నరకి ఒకసారి ఎత్తి కూర్చోబెట్టాను. రెండోసారి గిన్నెలో నెత్తురు తప్ప ఇంకేం లేదు.

మూడూ ఇరవై ఎనిమిదికి మరిది అందర్నీ వంటగదికి పిలిచాడు. కాపలా మనిషితో పూసలమ్మ వచ్చింది. డ్రైవరు పెళ్లాం కూడా సంచీతో లేచి వచ్చి గుమ్మం పక్కన నిలబడింది. ఎవరూ వద్దనలేదు.

లక్క తన ముద్రలు తనే విప్పాడు. మొదటి గ్లాసు వంచాడు. పాలు జారాయి, రెండు పూసలు అడుగున దొర్లాయి. "చూశావా?" అన్నాడు.

రెండోది వంచాడు. ఏమీ జారలేదు. ఇంకా వంచాడు. గట్టిగా, నున్నగా, లేత ఊదా రంగు గీతతో తోడుకుని ఉంది.

పూసలమ్మ చేత్తో నోరు మూసుకుంది.

"ఆరు గంటలు" అన్నాడు మరిది. "మందు బతికే ఉంది లక్కా. తొడుగు గట్టిగా ఉంది కాబట్టే నీ గ్లాసు తోడుకోలేదు. అది లోపం కాదు, ఆవిడ ఏడేళ్ల పని. ఆవిణ్ని వదిలెయ్, ముందు కొలిమి ఆపు."

"ఆగు. మందు మంచిదైతే కోలుకున్నవాళ్లకి ఎందుకు తిరగబెట్టింది? డ్రైవరు ఎందుకు పోయాడు? అది చెప్పు, ఆపుతాను. ఆధారం లేకుండా ఆర్డరు మార్చను."

మరిది నా వైపు తిరిగాడు. ఆ మొహం ఇప్పుడు అందింది నాకు. చిన్నప్పుడు మా ఇంట్లో ఏదైనా పగలగొట్టి నా వెనక దాక్కునేవాడు, ఆ మొహం.

"వదినా, పొద్దున తొమ్మిదీ ఇరవై ఐదుకి నూరి వెయ్యాలన్నావు. పూసలమ్మగారు తప్ప ఈ భవనంలో ఎవరికీ తెలియని మాట అది. నీకెలా తెలుసు?"

బాల్చీలోంచి కల్వం తీసి గట్టు మీద పెట్టాను. ఇక దాచడానికి ఏముంది?

"పిచ్చుక గిన్నెలో ఒకసారి పొడి కలిపిన పాలు మిగిలాయి. మధ్యాహ్నానికి తోడుకున్నాయి. అలా తెలుసు."

"పొడి ఎందుకు చేశావు?"

"పంచడానికి."

చెప్పాను. ఎనిమిదో వారం చివర్లో నాకు అనుమానమొచ్చింది, ఒకే మందు తింటుంటే నలుగురు లేచి తిరగడమేంటి, నలుగురు అలాగే ఉండటమేంటని. శనివారం ప్రతి పెట్టెలోంచి ఒక పూస కొరికి చూశాను. నాలుగింటిలో పులుపు, లోపలంతా ఊదా. నాలుగింటిలో ఉత్త తెల్లపిండి. మా పిచ్చుకవి అసలువి. డ్రైవరువి పిండి. ఆ రాత్రి డ్రైవరు పెళ్లాం నా చాప మీదే పడుకుని, "ఈయనకెందుకు నయమవడం లేదు పెద్దమ్మా, నేనే పాపం చేశాను?" అని ఏడ్చింది. నా మనవరాలు కోలుకుంటూ ఉంటే ఆ ఏడుపు పక్కన నేనెలా పడుకోను?

సోమవారం పొద్దున నర్సు వెళ్లగానే ఎనిమిది మంచాల దగ్గరా తోడున్నవాళ్లని ఈ గదిలోకి పిలిచాను. ఉన్నది అందరం తిందాం అన్నాను. ఎనిమిది పెట్టెలూ ఒక్కసారే కల్వంలో పోశాం. పైకి అన్నీ ఒక్కలాంటి పూసలే, ఏ రోజు ఏ పెట్టెలో పిండివి వస్తాయో తెలియదు కదా, అందుకని మెత్తగా నూరి, స్పూనుతో కొలిచి, ఎనిమిది పొట్లాలు. పొడి అయితేనే సమానం. ఎవరికీ రవ్వంత ఎక్కువ లేదు, తక్కువ లేదు. నా చేత్తో నేనే కొలిచాను. పది రోజులు.

"నూరితే చస్తాయని నాకు తెలియదయ్యా" అన్నాను. "ఇవాళ పదింటికి తెలిసింది."

పూసలమ్మ కుర్చీ లేక పొయ్యి గట్టుకి ఆనుకుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

"మిగతాది నేను చెప్పకూడదనుకున్నాను" అన్నాడు మరిది. జేబులోంచి చీటీ తీశాడు. "కానీ ఆ మరక చూశాక మొదటి ప్రశ్న నాకు అదే. సగం పిండి కలిస్తే పొడి తెల్లబడాలి. కాగితంలో తెలుపు నలుసు కూడా లేదు. నూరినన్ని రోజులూ పొడి ముదురు ఊదాగా ఉండటం నీకు కనబడలేదా వదినా?"

కనబడింది. ఎందుకని అడగాలని తట్టలేదు.

చీటీ పూసలమ్మే చదివింది. "ఖాళీ పూసలు ఎనిమిది వారాల వరకే పెద్దమ్మా. అప్పటికి మందు పనిచేస్తోందని తేలితే అందరికీ అసలువే ఇవ్వాలని ముందే రాసుకున్నాం. తొమ్మిదో వారం సోమవారం నుంచి ఎనిమిది పెట్టెల్లోనూ అసలు మందే ఉంది."

సోమవారం. నేను కల్వం కడిగిన సోమవారం.

అంటే, నేను ఆ గదిలోకి ఎవర్నీ పిలవకపోయి ఉంటే, చాప మీద ముసుగు తన్ని పడుకుని ఉంటే, అందరికీ పూర్తి మందు అందేది. డ్రైవరుకి తన మొదటి మంచి పూస ఆ పొద్దునే పెట్టెలో వచ్చింది. నేను దాన్ని నూరాను.

గుమ్మం పక్కనున్న ఆమె వైపు చూడలేకపోయాను. ఆమె సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"ఇది రాసివ్వాలి" అన్నాడు లక్క. గొంతులో పొద్దుటి బిగువు లేదు. "మీ మీద కేసవుతుంది, ఆలోచించుకోండి."

"రాయి. వేలిముద్ర వేస్తాను. ముందు కొలిమి ఆపించు."

మూడూ నలభై ఆరుకి వేశాను. లక్క వరండాలో ఫోనందుకున్నాడు. ఆయన అరుపులు మాకు వినబడ్డాయి. "నాలుగు కాలేదు కదయ్యా! నాలుగులోపు అంటే మూడింటికా?" అవతలి మనిషి డ్యూటీ నాలుగింటికి దిగుతుందట. వెళ్లేలోపు పని ముగించుకుందామని మూడూ ఇరవైకే మొదలుపెట్టాడట. పెట్టెలు, మూలం సీసాలు, అన్నీ.

కిటికీలోంచి పొగగొట్టం కనిపిస్తోంది. పొగ పల్చగా ఉంది. పండిన పళ్లు మాడిన వాసన. పూసలమ్మ ఆ వాసన పీల్చి, నిలబడ్డచోటే కూలబడింది. "ఇంకేం లేదు" అంది. "ఒక్క సీసా కూడా లేదు. స్పిరిట్లో ఉన్నవి ఎప్పుడో చచ్చాయి. ఏడేళ్లు..."

లక్క తిరిగొచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. ఏం చెయ్యాలో తెలియని మనిషి తెలిసిన పనే చేస్తాడు. సంచీలోంచి స్పిరిట్ సీసా తీశాడు. "ఆ గ్లాసులు సాక్ష్యం" అన్నాడు. "భద్రం చెయ్యాలి."

"వెయ్యకు" అన్నాడు మరిది. గ్లాసుకీ సీసాకీ మధ్య చెయ్యి పెట్టాడు. "లక్కా, ఈ ఒక్కసారి వెయ్యకు. ప్రపంచంలో ఆ రెండు గ్లాసులు తప్ప ఇంకేం మిగల్లేదు."

"నీ మాట విని ఒకసారి నిబంధన మీరితే నా ఉద్యోగం..."

"నీ ఉద్యోగం కోసం మా వదిన వేలిముద్ర వేసిందా?"

వాళ్లిద్దరూ అలా చేతులు అడ్డం పెట్టుకుని వాదించుకుంటుండగానే, డ్రైవరు పెళ్లాం సంచీ కింద పెట్టింది. మూడు రోజుల్లో ఆమె ఆ సంచీ కింద పెట్టడం అదే మొదటిసారి. పాలగిన్నె మూత తీసి చూపుడువేలు ముంచి వేడి చూసింది. చల్లారాయని పొయ్యి మీద ఒక్క నిమిషం పెట్టి దించింది. మళ్లీ వేలు ముంచింది. అర మీది స్పూను కడిగి, మరిది చేతి కిందనుంచి తోడుకున్న గ్లాసు తీసుకుని, సగానికి పైగా గిన్నెలో వేసి, మెల్లగా తిప్పింది. మూత పెట్టింది. గ్లాసు లక్క ముందు పెట్టింది.

"ఇప్పుడు పోసుకోండి" అంది.

లక్క గ్లాసు చూశాడు. గిన్నె చూశాడు. కాగితం తీసి, "సాక్ష్యం: రెండు గ్లాసులు" అని పైకి చదువుతూ రాసుకున్నాడు. గిన్నె సంగతి రాయలేదు. రెండింటిలోనూ స్పిరిట్ పోసి సీలు వేశాడు. కరిగిన లక్క కొంత గట్టు మీద చిందింది.

పూసలమ్మ నేల మీదనుంచే గిన్నెని చూస్తోంది. మరిది ఆమె ముందు కూర్చుని మెల్లగా అడిగాడు, దాంతో మళ్లీ మందు అవుతుందా అని.

"పాలల్లోవి వేరేవి కూడా కలిసి ఉంటాయి. ఏరాలి. పెంచాలి. తొడుగు వెయ్యాలి. మూడు వారాలు, అన్నీ కుదిరితే." ఆగింది. "పిచ్చుకకి రేపు ఏడింటికి కదా?"

కోత మూడు వారాలు ఆపితే పిల్ల ఆగుతుందో లేదో తెలియదు. ఆపకపోతే బల్ల దిగుతుందో లేదో తెలియదు. ఆ సంతకం వాళ్ల నాన్న పెట్టాలి, ఏడింటిలోపు. వాడికి ఈ సంగతంతా చెప్పాల్సింది నేను.

నాలుగూ పదికి లక్క నన్ను కిందికి తీసుకెళ్లాడు. డ్రైవరు పెళ్లాం గిన్నె పక్కన కాళ్లు ముడుచుకుని కూర్చుంది. ఎవరైనా తెలియక కడిగేస్తారని కాపలా. నేను ఆమె ముందునుంచే వెళ్లాలి. ఆగాను.

"కల్వం పట్టుకుంది నేనే కదా పెద్దమ్మా" అంది, నా మొహం చూడకుండా. "మీరు కొలిచారు, నూరింది నేను."

లిఫ్టులో మరిది నా పక్కన నిలబడ్డాడు. మొదటిసారి టైమెంత అని అడగలేదు.

ఇక్కడి దాకా గుర్తు పెట్టుకో. పూసలమ్మ పేరు మర్చిపోయినా ఫరవాలేదు, ఆ పూస ఎందుకు పగలకూడదో మర్చిపోకు. ఆర్పేదీ కాపురం పెట్టేదీ కలిసి దిగాలి, తలుపు తెరిచే చోటు వచ్చేదాకా తెరవకూడదు. నీ పిల్లలకి చెప్పు, ఆసుపత్రుల్లో చాపల మీద పడుకునేవాళ్లకి చెప్పు. చెప్పేటప్పుడు నన్ను మంచిదాన్ని చెయ్యకు. ముసలావిడ జాలిపడి పంచింది పాపం అని వదిలెయ్యకు. ఎవర్నీ అడగకుండా పంచింది, పొడి రంగు చూసి కూడా అడగలేదు, అని చెప్పు. డ్రైవరు చెప్పుల సంగతి మాత్రం తప్పకుండా చెప్పు.